జీర్ణాశయం రద్దు

మా పట్నంలోని పెద్ద కేన్సర్ ఆస్పత్రిలో అవయవాలన్నిటినీ ఒకే ఉత్తర్వుతో రద్దు చేసిన రోజున మా తోడల్లుడు గవరయ్య జీర్ణాశయ విభాగంలో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. పొద్దున్న నిద్రలేచేసరికి మంచం ఉంది, కిటికీ ఉంది, విభాగం లేదు. గుమ్మం మీది బోర్డుకి తెల్లరంగు వేసేశారు.

ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. నేను రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. నా కళ్ళముందే తాలూకాలు రద్దయ్యాయి, మునసబులూ కరణాలూ రద్దయ్యారు. మర్నాడు సూర్యుడు ఎప్పట్లాగే పొడిచాడు. జీర్ణాశయం మాత్రం ఏం తక్కువ తింది?

తక్కువ తిన్నవాడు గవరయ్య. వాడు పెళ్ళిళ్ళ వంటమేస్త్రి. వాడి పనసపొట్టు కూర కోసం పిలవని పెళ్ళికి కూడా వెళ్ళే పెద్దమనుషులు మా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళలో నేనొకణ్ణి. అలాంటివాడికి కడుపు చివర, ఆహారం పేగులోకి దిగే చోట, కేన్సర్ గడ్డ లేచింది. లివర్ మీద కూడా మచ్చలు కనబడ్డాయి. తిన్నది లోపల నిలవదు, కాసేపటికి పైకొచ్చేస్తుంది. కడుపు ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన డాక్టర్ సువర్చల గారు చూసి, "ముందు మందు మొదలుపెడదాం. దారి మరీ మూసుకుపోతే చిన్న ఆపరేషన్ చేసి కడుపుని కింది పేగుకి కలుపుతాను. అన్నం దిగుతుంది" అని భరోసా ఇచ్చారు. ఆవిడ ఆ మాట అన్న వారానికే డైరెక్టర్ ఉమాకాంత్ గారు విదేశంలో ఏదో మహాసభకి వెళ్ళి జ్ఞానోదయంతో తిరిగొచ్చారు.

ఆ జ్ఞానం ఏమిటో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి చెప్పారు. రోగుల తరఫు బంధువులం కూడా వెళ్ళాం, ఏసీ ఉందని.

"కేన్సర్ అనునది అవయవమునకు సంబంధించినది కాదు!" అన్నారు డైరెక్టర్ గారు, మైకు ఊదుకుని. "అది కణములోని సంకేత మార్గమునకు సంబంధించినది. కడుపు, పేగు, లివర్ అని విభజించుట కాలం చెల్లిన దృక్పథము. కావున నేటి నుండి ఈ సంస్థయందు అవయవ ఆధారిత వైద్యము తక్షణమే నిలుపుదల చేయబడి, మార్గ ఆధారిత వైద్యము అమలు చేయబడుతుంది."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. నిజం చెప్పొద్దూ, విషయం తప్పేమీ కాదు. సువర్చల గారు నాకు అంతకుముందే విడమర్చి చెప్పారు. కణం ఊరికే పెరగదు. బయటినుంచి 'పెరుగు' అని ఆజ్ఞ రావాలి. అది ఒకరి చేతినుంచి ఒకరికి దిగుతుంది, కలెక్టరు నుంచి తహసీల్దారుకీ, తహసీల్దారు నుంచి గ్రామ నౌకరుకీ దిగినట్టు. కేన్సర్లో కలెక్టరు సంతకం లేకుండానే మధ్యలో ఎవడో ఆజ్ఞ పుట్టించి కిందికి తోసేస్తుంటాడు. కొత్తరకం మందులు సరిగ్గా ఆ దొంగ గుమస్తా చెయ్యి పట్టుకుంటాయి. ఇంతకంటే సబబైన వైద్యం ఉంటుందా? కాకపోతే గడ్డ కూడా మన ఆఫీసుల్లో పెరిగిందే. ఒక సీటు మూసేస్తే ఇంకో సీటుకెళ్ళి పని జరిపించుకుంటుంది. ఇంతా విని నాకు ఆ వైద్యం మీద గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది.

ఆ మార్గాల అసలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల ముద్దలు. ప్రారంభోత్సవంలో కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషికి ఒక పేరు చదవబోయి పొలమారింది. దాంతో కమిటీ వేసి విభాగాలకి మన ప్రాంతపు నదుల పేర్లు పెట్టారు: నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని, శారద. సువర్చల గారిని శారదకి వేశారు. ఆ మార్గానికి ఇంకా ఎక్కడా మందు కనిపెట్టలేదు, అంచేత రోగులు లేరు. ఆవిడ ఖాళీ గదిలో కూర్చుని పత్తిని గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టారు.

పరీక్షలో గవరయ్యది నాగావళి అని తేలింది. మా మరదలు వరాలమ్మ సంతోషించింది. "మన పక్క ఏరే గదా బావా, మంచే జరుగుద్ది" అంది.

మంచే జరిగింది. మందు పడగానే లివర్ మచ్చలు తగ్గుముఖం పట్టాయి. గడ్డ కూడా ముడుచుకుంది. ముడుచుకుంటూ ముడుచుకుంటూ అది కాలిన తోలులా బిగుసుకుపోయి, కడుపు చివర ఉన్న కాస్త సందునీ మూసేసింది. నాగావళి డాక్టర్లు స్కాను చూసి ఒకళ్ళ చేతులొకళ్ళు ఊపుకుంటున్నారు. గవరయ్య బేసిన్లో తల పెట్టుకుని కక్కుతున్నాడు.

"డాక్టరు గారండీ, వాంతులు" అన్నాను.

ఆయన స్కాను మీంచి కళ్ళు తియ్యకుండా, "మార్గం అద్భుతంగా స్పందిస్తోంది" అన్నాడు.

"కడుపులో ఏమీ నిలవడంలేదు."

అక్కడున్న నర్సు నన్ను పక్కకి లాగింది. "అవయవ భాష వాడకండి సార్. వార్డుకి మార్కులు పోతాయి." గోడమీద చూపించింది. అవయవం పేరెత్తని వార్డుకి ప్రతి నెలా షీల్డు ఇస్తామని అక్కడ రాసి ఉంది. అప్పటికే రోగులందరూ అలవాటు పడ్డారు. పక్క వార్డు ముసలాయన డాక్టరుతో, "బాబూ, నా పూర్వపు పేగు పక్కన చంపావతి గుంజుతున్నాది" అని చెప్పడం నా చెవులారా విన్నాను.

నేను శారదకి పరిగెత్తాను. సువర్చల గారు చుట్టిన పత్తి ఉండలు బల్లమీద గుట్టగా ఉన్నాయి. నా మాట విని లేచొచ్చి గవరయ్య పొట్ట తట్టి చూశారు. వాడి ముక్కులోంచి ఒక గొట్టం వేయించి కడుపు ఖాళీ చేయించారు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"మందు తన పని తాను చేసింది. ఇప్పుడిది కేన్సర్ సమస్య కాదు, మూసుకుపోయిన తూము. గంటన్నర పని నాకు."

"చేసేయండమ్మా."

"ఎక్కడ చెయ్యను? థియేటర్ కంప్యూటర్లో మార్గం పేరు కొడితేనే టేబుల్ ఇస్తుంది. కడుపు అని కొడితే 'అట్టిది లేదు' అంటోంది. మత్తు డాక్టరు రాడు, సిస్టర్ రాదు. వేరే ఊరికి తీసుకెళ్దామంటే ఈ నీరసానికి దారిలో తట్టుకోలేడు."

ఆ రోజు నుంచి గవరయ్యకి నరంలోకి ఎక్కే గ్లూకోజే తిండి. గరిటె తిప్పిన దండచెయ్యి బొమికలు తేలింది. కింది కేంటీన్లోంచి వాసనలు పైకొస్తుంటే కళ్ళు మూసుకుని పీల్చేవాడు. "పోపు మాడ్సీసినారు అన్నియ్యా. ఇంగువ ఆకర్నేసినారు, బుద్ధి నేదు" అనేవాడు. తర్వాత మెల్లగా, "మాడిందైనా ఫర్నేదు, ఒక్క ముద్ద దిగితే బాగుండును" అనేవాడు. నాకు కోపం వచ్చేది, ఎవరిమీద చూపించాలో తెలిసేది కాదు.

ఇంతలో గడ్డ తన ఆఫీసు బుద్ధి చూపించింది. నాగావళి మూసేశారని కొంత వ్యవహారం వంశధార గుండా నడపడం మొదలుపెట్టింది. వైద్యానికి ఇది కొత్తేమీ కాదట, దానికీ మందుందట. కానీ రెండు విభాగాల మధ్య మనిషొకడు ఇరుక్కోవడం మాత్రం పెద్ద సంగతి. వెంటనే ఉభయ మార్గాల సమన్వయ బోర్డు సమావేశం పెట్టారు. నన్ను రోగి ప్రతినిధిగా పిలిచారు. గవరయ్యని చక్రాల కుర్చీలో, ఒళ్ళో బేసిన్తో, బల్ల చివర కూర్చోబెట్టారు.

నాగావళి అధిపతి లేచాడు. "రోగి లివర్..." డైరెక్టర్ గారు దగ్గారు. "క్షమించాలి, పూర్వపు లివర్ ప్రాంతంలో మచ్చలు తగ్గాయి. ఆ విజయం పూర్తిగా మాది. వాంతులు వంశధార వచ్చాక హెచ్చాయి కనుక అవి వారివి."

వంశధార అధిపతి ఊరుకుంటాడా? "మాది దిగువ మార్గం. వాంతి ఎగువకి వస్తున్నది. ఎగువ వాళ్ళు వదిలినదానికి దిగువ వాళ్ళం ఎలా బాధ్యులమవుతాం?"

"అయితే విజయంలో మీకు వాటా లేదు."

"వాటా లేకుండా మంచం మాత్రం మేమివ్వాలా?"

జలవివాదాలు నాకు కొత్త కాదు. పొలాల మీద గొడవలు తీర్చడానికి వెళ్ళి తల పగలగొట్టించుకున్న ఆర్.ఐ.లని చూశాను. కానీ ఏటినీళ్ళకోసం కొట్టుకునేవాళ్ళెవరూ ఎండిపోతున్న చేనుని ఎత్తుకొచ్చి బల్ల చివర కూర్చోబెట్టి కొట్టుకోగా చూడలేదు.

చివరికి డైరెక్టర్ గారు తీర్పిచ్చారు. "రోగి ఉదయం నుండి మధ్యాహ్నం వరకు నాగావళియందును, మధ్యాహ్నం నుండి నాగావళి, వంశధార మధ్య వరండాయందును, రాత్రి వంశధారయందును ఉండవలెను. వాంతుల విషయమై సాంకేతిక ఉపసంఘము నియమించబడును."

"అయ్యా," అన్నాను నేను లేచి, "ఉపసంఘం ఎప్పటికి తేలుస్తుంది?"

"విధివిధానములు ఖరారైన పిమ్మట."

ఈ భాష నాకు మాతృభాష. దానర్థం 'మనిషి పోయాక' అని. అలాంటి వాక్యాలు నేనే ఎన్నో రాశాను కాబట్టి అంత సులువుగా అర్థమైంది.

వరండాలో గవరయ్య మంచం పక్కన మరో మంచం వేశారు. అందులో పోలయ్య అనే మత్స్యకారుడు. అతనిదీ మా వాడి కథే, కాకపోతే కింది పేగులో. పొట్ట బానలా ఉబ్బి ఉంది. అతని భార్య అప్పలకొండ, వరాలమ్మ స్నేహం కట్టారు. ఇద్దరూ ఒకే విసనకర్రతో వంతులేసుకుని ఇద్దరికీ విసిరేవారు.

అలా ఉండగా, ఒక ఉదయం ఆస్పత్రి ఒక్కసారిగా ఉలిక్కిపడింది. గోడలకి సున్నం, మెట్లకి ఫినాయిల్, గుమ్మాల్లో పూలకుండీలు. ఏమిటని వాకబు చేస్తే తనిఖీ అన్నారు. దేశం మొత్తమ్మీద వైద్య విద్యాలయాలకి గుర్తింపునిచ్చే సంస్థ ఒకటుంది. ఆ బృందం వస్తోందట. వాళ్ళ రూల్సు పాతవి. వాటి ప్రకారం జీర్ణాశయ శస్త్రచికిత్స విభాగం ఉండితీరాలి. దానికో ప్రొఫెసరు, నిండిన మంచాలు, తనిఖీ వేళకి థియేటర్లో నడుస్తున్న ఒక ఆపరేషను కనబడాలి. లేకపోతే గుర్తింపు గోవిందా.

డైరెక్టర్ గారు క్షణం కూడా తడబడలేదు. "అవయవముల రద్దు ఉత్తర్వు ఒక దినము పాటు తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది" అని సంతకం పెట్టారు. బోర్డుల మీద వేసిన తెల్లరంగుని కిరసనాయిలు గుడ్డతో తుడిపించారు. కడుపు, లివర్, పేగు మళ్ళీ బయటపడ్డాయి. షీల్డుల ప్రకటన తీసి బీరువా వెనక పెట్టారు. 'కడుపు' అన్న రోగుల్ని కసిరిన నర్సులే, "అందరూ మీమీ అవయవాలు గుర్తు తెచ్చుకోండి. అడిగితే నది పేరు చెప్పారో, ఊరుకోను" అంటూ మంచాల మధ్య తిరిగారు.

నాకు మా జమాబందీ రోజులు, అంటే ఏటేటా ఊరి శిస్తు లెక్కలు తనిఖీ చేసే రోజులు, గుర్తొచ్చాయి. ఏడాది పొడుగునా ఎవడూ పట్టించుకోని చెరువు గండి, జమాబందీకి పెద్ద అధికారి వస్తున్నాడంటే తెల్లారేసరికి పూడిపోయేది. చూపించడానికి పూడ్చినా పూడిక పూడికే. పొలానికి ఆ తేడా తెలియదు. ఆ ఆలోచన రాగానే నేను చెప్పులు కూడా వేసుకోకుండా సువర్చల గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి నాకంటే ముందే వచ్చింది ఆ ఆలోచన. అప్పటికే కత్తులు ఉడికిస్తున్నారు.

"డైరెక్టర్ గారు నన్ను ప్రొఫెసర్ని చేశారు, సాయంత్రం దాకా" అన్నారు. "టేబుల్ మీద ఒక రోగిని పడుకోబెట్టి, గుడ్డలు కప్పి, నన్ను పక్కన నిలబడమన్నారు. వాళ్ళు అద్దంలోంచి చూసి టీకి వెళ్ళగానే లేపెయ్యమన్నారు. నాటకానికి ఇద్దరు పేషెంట్లు కావాలంటే ఇద్దర్నీ తీసుకెళ్ళేదాన్ని. ఒక్కరే అన్నారు."

ఆ 'ఒక్కరే' అన్న మాట నాకు అప్పుడు సరిగా వినబడలేదు. నా చెవుల్లో గవరయ్య పేరే మోగుతోంది.

ఆవిడ మంచం దగ్గరికొచ్చి దాపరికం లేకుండా చెప్పారు. "గవరయ్యా, నేను నిజంగానే చేస్తాను. ఇవాళ మత్తు డాక్టరూ సిస్టరూ కూడా వస్తారు. కానీ నువ్వు బాగా నీరసించావు. టేబుల్ మీదే ప్రాణం పోవచ్చు. చేస్తే రోగం పోదు, దానికి మందులు వాడాల్సిందే. తినగలుగుతావు, అంతే."

వరాలమ్మ ఏడ్చింది. గవరయ్య భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నూరుమందికి వొడ్డించినోణ్ని. ఆకలితో సచ్చినానంటే పరువు పోద్దే. సేసీండమ్మా."

మధ్యాహ్నం కాకముందే బృందం రానే వచ్చింది. ముగ్గురు. మెళ్ళో దండలు, చేతుల్లో బొకేలు. ముందు జీర్ణాశయ వార్డు చూశారు. మంచాలు నిండాలని తోటమాలిని కూడా పడుకోబెట్టారు. బృందం పెద్దాయన అతన్ని, "ఎక్కడ నొప్పి?" అని అడిగాడు. పాపం అతను తడబడి, "వంశ..." అనబోతే నర్సు దుప్పటి ముఖం మీదికి లాగేసింది.

తర్వాత థియేటర్. నేను వరండా మూలన నిలబడి చూస్తున్నాను. తలుపు అద్దంలోంచి ఆకుపచ్చ గుడ్డలు, పెద్ద లైటు, వంగిన సువర్చల గారి వీపు కనబడ్డాయి. పెద్దాయన ఒక్క చూపు చూసి తలాడించాడు. "వెరీ గుడ్. లంచెక్కడ?" అన్నాడు.

వాళ్ళు మెట్లు దిగగానే డైరెక్టర్ గారు తలుపు కొట్టారు. "డాక్టర్ సువర్చలా! ప్రదర్శన పూర్తయినది. రోగిని లేపవచ్చును."

లోపల్నుంచి జవాబొచ్చింది. "లేపలేనండి. పొట్ట తెరిచాను."

డైరెక్టర్ గారు గోడ పట్టుకున్నారు. "తెరవడమేమిటి! సాయంత్రమునకు ఆ విభాగము రద్దగును!"

"కుట్లు వేసేదాకా రద్దు ఆపండి సార్. సగం కుట్టిన పేగుని శారదకి బదిలీ చెయ్యలేను."

డైరెక్టర్ గారు అటూ ఇటూ పచార్లు చేశారు. చెమటలు పోశాయి. నిజంగా బాధపడ్డారు పాపం, అబద్ధమెందుకు. "లేని విభాగములో జరిగిన ఆపరేషనుని ఏ పద్దు కింద చూపవలెను? పై వారికి ఏమని నివేదించవలెను?" అని పైకే అనుకుంటున్నారు. లోపల మా గవరయ్య పేగులు బయట ఉన్నాయి. ఈయన తలుపు తోసుకుని లోపలికెళ్ళి ఆపమంటాడేమోనని నేను తలుపు పక్కకి జరిగి నిలబడ్డాను.

అప్పుడు నా సర్వీసంతా ఒక్కసారి నాకు అక్కరకొచ్చింది. చేతులు కట్టుకుని ముందుకెళ్ళాను. "చిత్తం. 'తనిఖీ ఏర్పాట్లలో భాగముగా' అని రాయించండి. సున్నాలూ పూలకుండీలూ ఎలా రాస్తారో అలాగే. ఆ మాట రాశాక ఎవరూ ఏమీ అడగరండి."

ఆయన ముఖం వికసించింది. "సముచితముగా నున్నది" అన్నారు. నా భుజం తట్టి లంచికి వెళ్ళిపోయారు.

సాయంకాలానికి బృందం వెళ్ళిపోయింది. 'జీర్ణాశయ విభాగం పనితీరు ఆదర్శప్రాయం' అని మెచ్చుకుని మరీ వెళ్ళింది. వాళ్ళ కారు గేటు దాటుతుండగానే రంగు డబ్బా పట్టుకుని మనిషి నిచ్చెన ఎక్కాడు. థియేటర్ తలుపు తెరుచుకునేసరికి బోర్డు మీద సగం అక్షరాలే మిగిలున్నాయి. సువర్చల గారు బయటికొచ్చి మాస్కు తీసి, "బాగా జరిగింది" అన్నారు. ఆ బోర్డు వైపు చూడకుండానే శారదకి నడిచిపోయారు.

కొన్నాళ్ళకి, వరండాలో పాత మంచం మీదే, గవరయ్యకి గొట్టం తీసేశారు. ముందు నీళ్ళు, తర్వాత మజ్జిగ తేట, ఆ తర్వాత చోడిజావ. వరాలమ్మ చెంచాతో పట్టింది. అందరం బేసిన్ వైపే చూస్తున్నాం. గవరయ్య మింగాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. బేసిన్ అడగలేదు. మళ్ళీ నోరు తెరిచి, ముఖం చిట్లించి, "ఉప్పెయ్యడం ఎప్పుడు నేర్సుకుంటావే?" అన్నాడు.

వరాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పిట్టగోడ మీంచి బయటికి చూశాను. ముసలితనంలో కళ్ళు ఊరికే నీళ్ళు కారుతాయి, దానికి కారణాలు వెతకడం అనవసరం.

అప్పుడు పక్క మంచం దగ్గర్నుంచి అప్పలకొండ లేచొచ్చింది. ఆమె చేతిలో విసనకర్ర ఉంది. పోలయ్య పొట్ట దుప్పటి కింద ఇంకా ఎత్తుగా ఉంది, ఊపిరి పైపైనే ఆడుతోంది. ఆమె జావ గిన్నె వైపు ఒకసారి చూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"బావూ, మల్లీ తనికీ ఎప్పుడు?"

నాకు జవాబు తెలుసు. తెలియనట్టు ఉండాలని చూశాను, కుదర్లేదు.

"వచ్చే ఏడాదమ్మా."

ఆమె తల తిప్పి భర్తని చూసింది. పంట ఎప్పుడొస్తుందో లెక్కేసుకునేవాళ్ళలాగా పెదాలు కదిపింది. ఆ తర్వాత నన్నే అడిగింది.

"అందాకా ఈ మనిసి ఆగుతాడంటారా?"